తరుగు

టిమావ్ ఊరి చివర రేకుల షెడ్డులో నాది తూకం పని.
పేరు ముట్విరి. చేతిలో ఇనుప కొలబద్ద, చెవి మీద పెన్సిలు.
కొలబద్ద పొడవు పన్నెండు సెంటీమీటర్లు.
బీన్సు కాయ అంతకు మించితే తోక తరుగు,
అంతకు తగ్గితే కాయే తరుగు,
వంగితే మాత్రం తరుగు కాదు, తిరుగు.
బుట్టతో సహా వచ్చిన దారినే.

కగెండో తలకు టార్చి కట్టుకుని
కోడి కుయ్యకముందే కోతకు దిగుతుంది.
ఆమె మడిలో కాయలకు నా కొలబద్ద సంగతి తెలియదు,
కెన్యా కొండ గాలి ఎటు తోస్తే అటు వాలి
నెలవంకల్లా కాస్తాయి.
ఇరవై కిలోలు తెస్తే ఏడు వెనక్కి.
ఆ ఏడూ ఆమె ఆవు తింటుంది.
"విమానం ఎక్కాల్సిన మేత కదా,
దీనికి గర్వం పెరిగి పాలు తగ్గించింది" అంటుంది.
నవ్వుతుంది. నేను నవ్వను. గడి నింపుతాను.

మిగిలిన పదమూడు కిలోలు
సాయంత్రానికి నైరోబీ, అర్ధరాత్రికి ఆకాశం.
మర్నాడు ఏదో చలిదేశపు కొట్టులో
పల్చటి పొర కింద పక్కపక్కనే,
బడిపిల్లల వరసలా, అన్నీ ఒకటే ఎత్తు.
ఇప్పుడు వాటి మీద చిన్న విమానం బొమ్మ అంటిస్తున్నారట,
ఎంత పొగ చిమ్ముకుంటూ వచ్చిన సరుకో తెలిసేలా.
చూసి కొందరు చెయ్యి వెనక్కి తీసుకుంటున్నారట.
మంచిదే.
కానీ అక్కడ వెనక్కి తీసుకున్న చెయ్యి
ఇక్కడికొచ్చి కగెండో కొడుకు బడి ఫీజు మీద పడుతుంది.

నది సంగతి ఏ బొమ్మలోనూ లేదు.
పైన మేం పంపులు పెట్టి తోడుకున్నాక
దిగువన ఇసుకే పారుతుంది.
పోయిన ఎండల్లో లెనయారా అనే సంబురు ముసలాయన
ఆవుల్ని తోలుకుని ఎగువకు నడిచి నడిచి
మా షెడ్డు దాకా వచ్చాడు.
పోట్లాటకేమో అని తలుపు వేశాను.
కిటికీలోంచి త్రాసుకేసి చూసి ఒక్క కాయ అడిగాడు.
టక్కున విరిచి
బొటనవేలి మీది తడి నాకు చూపించాడు.
"ఇది మా నీళ్లే."
అంతే, వెళ్లిపోయాడు.
ఆ కాయని ఏ గడిలో రాయాలో నాకెవరూ నేర్పలేదు.

ఆ మాట నేను కగెండో చెవిన వేశాను.
వారం తిరక్కుండా సగం మడికి పంపు ఆపేసింది.
వానకి నాటి, వాన మీదే పండించి,
కాయని తీగ మీదే ఎండనిస్తానంది.
"పచ్చికాయకే తొందర. ఎండు గింజకేం, ఓడెక్కుతుంది."
ఇంకో పదకొండు మంది ఆడవాళ్లు తోడయ్యారు.
షెడ్డు ఫోనులోనే కొనే మనిషితో మాట్లాడింది:
ధర నాటకముందే చెప్పాలి, కాగితం మీద పెట్టాలి.
"ఓడంటే నెలకి పైనే పడుతుందమ్మా" అన్నాడతను.
"పడనీ. ఆ నెల ఆగే డబ్బు ఎవరిది, మీదా, నాదా?"
ఫోనులో గాలి చప్పుడు.
చాలాసేపు గాలి చప్పుడే.

చివరికి ముందస్తుకి ఒప్పుకున్నాడు,
ఆమె అడిగిన సగం కాదు, మూడో వంతు.

నూర్చిన రోజు గింజలు తెచ్చి త్రాసులో పోసింది.
ఎర్రవి, మచ్చలవి, చేతిలో చల్లగా జారేవి.
"వీటిలో వంకర కాయ గింజ ఏదో చెప్పు ముట్విరీ."
గుప్పెడు తీసి చూశాను. ఇంకో గుప్పెడు.
కొలబద్ద బల్ల మీదే ఉంది, దాని జోలికి పోలేదు.

బస్తాలు మొంబాసా చేరాయన్నారు.
ఓడ కదిలిందో లేదో ఇంకా కబురు లేదు.
పక్క పొలాల పంపులు రాత్రంతా మోగుతూనే ఉన్నాయి.
ఈ ఎండల్లో లెనయారా రాలేదు.
కాసిని నీళ్లు అక్కడిదాకా పారాయో,
నడిచి వచ్చే ఓపికే తరిగిపోయిందో.