తోడు

ఊలులో మూడింటికే చీకటి. కైసు
ఫ్రిజ్‌లోంచి విలీ పెరుగు గిన్నె తీసింది.
తెర మీద, ఉత్స్‌యోకి ఆసుపత్రితో
కరచాలనం కుదిరింది.

ఇప్పుడు రెండు చోట్లా ఒకటే రహస్యం,
తీగ మీద ఎన్నడూ నడవనిది.
"గుండె చప్పుడు" అని పేరు పెడితే ఒక తాళంచెవి,
"ఎక్స్‌రే" అంటే వేరొకటి.
అక్కడా ఇక్కడా అవే పుడతాయి
ఎవరూ ఎవరికీ పంపకుండానే.

పెరుగెంత చిలికినా
తోడు వేసిన చెంచాడు తిరిగి రాదు.

"సరిచూద్దామా?" ఫోన్‌లో ఇల్మరి.
"ఏడు, సి, సున్నా, తొమ్మి..."

"చదవకు!"
చెంచా కిందపడింది.

తాళానికున్నది ఒకే చెవి.
గోడలకు ఎన్నో.

కనెక్షన్ తెంపేసి, మూతి తుడుచుకుని
మళ్లీ చెయ్యి చాచింది.
గుండె చప్పుడు అదే పేరు,
చెవి మాత్రం కొత్తది.