అడుగు పెట్టే చోటు

మల్కాపురం బడిలో, శనివారం మధ్యాహ్నం,
పిల్లలకి నా కథ చదువుతున్నాను.

హార్బర్లో బురద తోడే యంత్రానికి
ఎవరో తెలివి కాస్త ఎక్కువ పోశారు.
తోడిన బురదంతా అది ఒంటికి మెత్తుకుని
యారాడ కొండ మీద మోచెయ్యి ఆన్చి లేచింది.
లైట్‌హౌసు చంక కిందికి వచ్చింది.
ఆపే మీట నొక్కితే
'ఎందుకు?' అని అడిగింది.

ఇంతవరకూ నోళ్ళు తెరుచుకుని విన్నారు.
"అప్పుడా రాక్షసి కుడికాలెత్తి ఊరి మీద..."

"ఏ ఈధిలో సార్?"
మూడో బెంచీ, పూర్ణిమ.

వన్‌టౌన్లో, అన్నాను.
"కురుపాం మార్కెట్ కాడ మా మామ్మ రొయ్యపొట్టు అమ్ముతాది.
మోకాళ్ళు నొప్పులు. పరిగెత్తలేదు."
పెన్సిల్‌తో కొట్టేశాను.

కంచరపాలెంలో నౌషాద్ వాళ్ళ మేక నిన్ననే ఈనింది.
జ్ఞానాపురంలో ఎవరి తమ్ముడికో రేపు బాప్తిస్మం.
బీచి రోడ్డులో ముంత మసాలా బండి ఉంది,
దాని వెనక ఒక నాన్న ఉన్నాడు.
పోనీ సీతమ్మధార? పెద్ద పెద్ద మేడలు!
అందరూ సరేనన్నారు.
ఆఖర్న ఒక చెయ్యి లేచింది:
"ఆ మేడల్లో అంట్లు తోమేది మాయమ్మే సార్."

యాభై గజాల పాదం గాలిలోనే ఉండిపోయింది.
కొంగలా ఒంటికాలి మీద నిలబడి
బురద కారుస్తూ రాక్షసి నా వైపు చూస్తోంది,
తొందరగా తేల్చవయ్యా అన్నట్టు.

గరికిన ధనరాజు ఏడాదిగా
హాజరు పలకడానికి తప్ప నోరు విప్పినవాడు కాదు.
"మా తాత ఊర్లో ఎట్టించండి సార్.
అక్కడ మనుషుల్లేరు.
గోడుంది, గేటుంది.
సముద్రం గోడ లోపలుండిపోయింది."

ఎవరూ కాదనలేదు.
కాలు దించాను, మెల్లగా, అక్షరం అక్షరంగా.
నేలకి జానెడు దూరంలో ఆగింది.
తొంగి చూసుకుంది.
అక్కడ ముందే ఒక అడుగు ఉంది.
దానికన్నా పెద్దది.

"ఇదెవరిది?" అంది రాక్షసి.

నా కాగితాల్లో ఆ మాట లేదు.
బెల్లు కొట్టారు. మిగతాది వచ్చేవారం అన్నాను.
ధనరాజు సంచీ సర్దుకోలేదు.

సింధియా జంక్షన్లో బస్సు కోసం నిలబడితే
షిప్‌యార్డు క్రేన్ల మధ్య అదీ నిలబడే ఉంది,
ఎత్తిన కాలు ఎత్తినట్టే.