మేకు కొట్టని గది

అప్పుడెప్పుడో ఎస్పీ రోడ్డులో
బేరమాడి కొన్న పెన్‌డ్రైవ్.
"ఇందులో ఉన్నదంతా పోతుంది, సరేనా?"
ఉన్నదేముంది,
పోయినేడాది రెజ్యూమెలు నాలుగు,
సంతకం పడని రెంటల్ అగ్రిమెంటు ఒకటి.
సరే అన్నాను.

పచ్చగీత నత్తలా పాకేలోపు
కుక్కర్ మూడు కూతలు కూసింది.

ఎఫ్‌ట్వెల్వ్ టపటపా నొక్కితే
నల్లటి తెర మీద అక్షరాల జల్లు.
ఆనక అడిగింది:
చూసి పోతావా, ఉండిపోతావా?

మడివాళలో ఈ గదికి
పది నెలల అడ్వాన్సు కట్టాకే తాళంచెవి.
"గోడెగె మొళె హొడియబేడి" అని
పుట్టస్వామిగారు మూడుసార్లు చెప్పారు.
చూసి పోతామన్నవాళ్ళకి
లైటు కూడా వెయ్యరాయన.

ఇదేమో పైసా అడగలేదు.
వాల్‌పేపర్ మార్చాను, కిటికీలు అటూ ఇటూ జరిపాను,
తెలుగులో నా పేరు కొట్టి చూశాను,
ఒత్తు విడిపోకుండా వచ్చింది.
రెండు దాటాక ఆపేసి
పెన్‌డ్రైవ్ లాగేశాను.
నేనున్న గుర్తే లేదు.

పొద్దున పాత విండోస్ తెరిస్తే
అన్నీ ఎక్కడివక్కడే.
గడియారమొక్కటే
అయిదున్నర గంటలు వెనక.
బయట ఏడూ నలభై, పాలవాడి బెల్లు.
అదింకా
రెండూ పది దగ్గరే కూర్చుని ఉంది.