సున్నా దగ్గర అప్పు

చేపాక్‌లో మమ్మల్ని బస్సెక్కించినప్పుడు
నా సంచిలో ముప్పైఒక్క లెక్కల నోటుబుక్కులున్నాయి.
ఆడ కానిస్టేబులు సంచి ఎత్తి చూసి
ఏంటి టీచర్ ఇంత బరువు, అంది తమిళంలో.
నాలుగో తరగతి, అన్నాను.

పుదుపేటలో ఏదో కల్యాణమండపం తాళం తీయించి
మూడువందల మందిని లోపలికి తోలారు.
నిన్నటి పెళ్ళి ఇంకా వేదిక దిగలేదు.
థర్మోకోల్ పలక మీద వధువు పేరు మొత్తం,
వరుడి పేరు సగం.
కుర్చీల కింద అప్పడం ముక్కలు, నలిగిన మల్లెలు.
మలర్‌విళి టీచర్ చీపురు వెతికి
ఎవరూ చెప్పకుండానే ఊడ్చేసింది.
మా బళ్ళో ఊడ్చే మనిషి పద్దు
రెండేళ్ళ కిందటే కొట్టేశారు.

ఈ ఏడు కొట్టేసినవి
మైకులో మర్చిపోతానని అరచేతిలో రాసుకొచ్చాను:
సుద్దముక్కలు. వాచ్‌మన్. దొడ్డి నీళ్ళ మోటారు.
తెలుగు మీడియం రెండో టీచరు,
అంటే ఇదిగో, నా పక్కన కూర్చున్న ఎస్తేరు రాణి.
చెమటకి మోటారు పూర్తిగా చెరిగిపోయింది.
రాణి సగం మిగిలింది.

ఎన్నికలప్పుడు కొరుక్కుపేట సందుల్లో
జీపెక్కి కోతలు కోసినవాళ్ళే
ఇప్పుడు కోత పెట్టారు.
చూశావా మన భాష, అంది రాణి,
ఒక్క మాటే రెండు పన్లూ చేస్తోంది
ఒక్క టీచరే అయిదు తరగతులు చెప్పినట్టు.

ఎస్సై కాగితం తీసి పేర్లు పిలిచాడు.
పొన్నురంగం సార్, రిటైర్మెంటుకి నాలుగు నెలలు,
మోకాళ్ళు పట్టుకుని లేచి, చెయ్యెత్తి,
ఉళ్ళేన్ అయ్యా, అన్నాడు.
ముప్పైఆరేళ్ళు పిల్లల నోట విన్న మాట.
హాలు ఘొల్లుమంది.
ఆ తర్వాత ప్రతి పేరుకీ అదే జవాబు.
ఎస్సై మీసం తుడుచుకునే నెపంతో
నవ్వు తుడుచుకున్నాడు.
నా వంతుకి నేను తెలుగులో అన్నాను: ఉన్నానండీ.
స్పెల్లింగ్ ఏంటమ్మా, అన్నాడు.

నిమ్మకాయ అన్నం పొట్లాలొచ్చాయి.
తిని, చెయ్యి కడిగి, ఎర్ర పెన్ను తీశాను.
ఫాను కింద కాగితాలు ఆగవు కనక
చెప్పు తీసి ఒక అట్ట మీద బరువు పెట్టాను,
సరస్వతమ్మ ఏమనుకున్నా సరే.

గౌరీసు పుస్తకం దగ్గర చెయ్యాగింది.
వాళ్ళ నాన్న శ్రీకాకుళం నించొచ్చి
రోజూ మెట్రో సొరంగంలోకి దిగుతాడు.
పిల్లాడికి ఇది మూడో ఊరు, మూడో బడి.
నాలుగువేల అయిదులోంచి
పదిహేడొందల అరవైయెనిమిది తీసెయ్యాలి.
అయిదులోంచి ఎనిమిది పోదు,
పక్కింటికెళ్ళి అప్పు తెచ్చుకోవాలి,
అని నేను చెప్పాను నిన్న.
పక్కింట్లో సున్నా.
ఆ పక్కింట్లోనూ సున్నా.
వాళ్ళకే లేదు కదా టీచర్, ఎలా అడుగుతాం?
అప్పుడే బెల్లు కొట్టారు.
రేపు చెప్తాన్రా, అన్నాను.
రేపంటే ఇవాళ.
ఇవాళ నేనిక్కడ.

పుస్తకంలో వాడు ఎవర్నీ అడగలేదు.
సున్నా పక్కన సున్నాని అలాగే ఉండనిచ్చి
గీత కింద, జవాబు చోట, రాశాడు:
కుదర్దు టిచర్.

ఇంటూ పెట్టలేదు. టిక్కూ పెట్టలేదు.
దీర్ఘం మటుకు సరిదిద్ది
పక్కన ఎర్రగా రాశాను:
చివరింటిదాకా నడువు. అక్కడ నాలుగు వేలున్నాయి.
రాశాక చదువుకుంటే
పొద్దున్నించీ మేం చేసింది అదే.
గేటు దగ్గరే ఆపేశారు, అంతే తేడా.

ఆరున్నరకి వదిలారు.
రేపటి పెళ్ళివాళ్ళు అరటి గెలలతో గుమ్మంలో నిలబడి
మేం ఏ తరఫు చుట్టాలమో తేలక చూస్తున్నారు.
రాణి వేదికెక్కి
వరుడి పేరున్న పలక పీకి చంకలో పెట్టింది.
వెనకంతా తెల్లగానే ఉంది,
గుణింతాలకి పనికొస్తుంది, అంది.
ఎవరి క్లాసుకి అని
నేను అడగలేదు.