మిక్సీకి ముందు

బరాత్‌లల్ల నేను డ్రమ్ము కొడుత.
వారాసిగూడల ఎల్లేశ్ ఇల్లేదంటే ఎవ్వరూ చెప్పరు,
డ్రమ్ము ఎల్లేశ్ అంటే గేటు దాక తోలుకొస్తరు.
నా దెబ్బకు ఎనభై ఏండ్ల ముసలాయన
చేతికట్టె పారేసి తీన్మార్ ఆడిండు ఒకసారి.
నా బిడ్డ మాత్రం
నేను గల్లీ మలుపు తిరగంగనే
రెండు అరచేతులు చెవులకు అదుముకుంటది.

లాస్యకు ఆరేండ్లు.
కుక్కర్ కూతేస్తే మంచం కిందికి.
కుర్చీ జరిపితే గోడ మూలకు.
మిక్సీ సంగతైతే చెప్పొద్దు,
సుగుణ జార్ చేతిల పట్టుకుంటే చాలు, పిల్ల వణుకుతది.
కానీ సీతాఫల్‌మండి స్టేషన్ల
రైలు ఆగేటప్పుడు ఇనుము కీచుమంటది సూడు,
మనకు పండ్లు జివ్వుమంటయి,
ఆమె నవ్వుతది.
లెక్క దొరకది.

"అంత యాక్షన్. రెండు ఏస్తే కుదురుతది," అన్నది మా అక్క.
ఏసిన నేను గూడ, ఒక్కసారి.
ఇక్కడ చెప్పకపోతే ఇంకెక్కడ చెప్త.
ఆ సప్పుడు
నేను జిందగీల కొట్టిన అన్నిట్లకెల్లి పెద్దది.

దవాఖానల మేడమ్ చెప్పింది:
చెవులు మంచిగనే ఉన్నయి.
మన చెవులకు తలుపులున్నయి,
ఈ పిల్లకు పరదా గూడ లేదు.
ఇంట్ల మెల్లగ సంగీతం పెట్టి సూడుండ్రి.
నువ్వేం పని చేస్తవని అడిగింది.
నేను చేతులు కుర్చీ కిందికి దాచుకున్న.

మూఢం వచ్చింది. పెండ్లిళ్లు బంద్.
పైసల్లేక, పనిలేక పండుకున్న ఒక పొద్దుగాల
సుగుణ పల్లీ పచ్చడి పడుతున్నది,
మంచం మీద నేను,
మంచం కింద పిల్ల.
నా వీపు కింద, నవారు సందులకెల్లి
సన్నగ ఒక ఊ.
మిక్సీ ఎక్కడుందో ఆ ఊ గూడ అక్కడనే ఉన్నది,
వెంట్రుకంత తేడా లేదు.
మిక్సీ ఆగింది, అది ఆగలే.
ఇరవై ఏండ్ల సంది తాళం అమ్ముకుని బతుకుతున్నోన్ని,
నా మంచం కింద సుతి ఉన్నదని నాకు తెల్వదు.

తెల్లారి, మిక్సీకి ముందు
నేను ఆ ఊ అందుకున్న.
నా గొంతు బొంగురు, రెండుసార్లు జారింది.
మూడోసారికి కింది నుంచి సరిచేసింది.
స్విచ్చు నీదే, అన్న.
ఎప్పుడు వద్దంటే అప్పుడు బంద్.
ముందు చెయ్యి బయటికొచ్చింది, శానా సేపటికి మొఖం.
టక్కు. గుర్రు. టక్కు.
ఒక్క పల్లీ గూడ నలగలే.
నెల రోజులు మేం
పండ్ల కింద పలుకులు తగిలే పచ్చడే తిన్నం.
నిజం చెప్పాలంటే బాగనే ఉండె.

ఆ తర్వాత డ్రమ్ము దించిన.
కట్టెల్లేవు, ఉత్త గోర్లతోని.
మీద గుప్పెడు బియ్యం పోస్తే
అవి చీమల లెక్క కదిలినయి,
సప్పుడు ఆమెకు కంటికి కనవడ్డది.
"ఇంకొంచెం," అన్నది.
ఆ మాట అనుకుంట నోట్లు విసిరినోళ్లు మస్తు మంది,
ఏ ఒక్కడి నోట్ల గూడ అది గింత చిన్నగ లేకుండె.

అంతా మంచిగైందని అనుకోవద్దు.
గణపతి పోయే రోజు ఇప్పటికీ మంచం కిందనే,
చెవుల మీద నీలం రంగు డబ్బాలు, నోట్ల ఊ.
నాకే ఏదో అయింది.
బరాత్‌ల ఏ ఇంటి కిటికీ టక్కున మూసుకున్నా
నా కట్టె దానంతట అదే మెత్తవడుతది.
బ్యాండు మాస్టర్ బూతులు తిడుతడు.

నిన్న రాత్రి పన్నెండుకు ఇంటికొస్తే
తలుపు కాడ నిలవడ్డది.
చేతులు చెవుల మీదనే,
వేళ్ల నడుమ సందు.
డ్రమ్ము గడప అవతల దించిన.
"వాద్యాన్ని చెప్పుల పక్కన పెడ్తవా?" అన్నది సుగుణ.
పెట్టిన.