మూగది

ఆదోని మార్కెట్‌యార్డు ఎదుట మందులంగడి.
అద్దం మీద మూడు పెట్టినాడు పిల్లోడు.
చేతి గడియారం మాదిరిది—
ఫోనుకు కలపాలంట.
ఎదకు కట్టే పట్టీ—
మా మనిషి తాయెత్తే కట్టించుకోడు.
వేలు కరిచే క్లిప్పు పెట్టుకుంటి:
గీతలు, గీతలు, అంతే.
"గోరింటాకుండాది కదమ్మా, వేరే వేలియ్యి."
చిటికెన వేలికి తొంభై ఆరు.
"మెట్లెక్కొచ్చినావు, కూర్చో" అనె.
కూర్చుంటే ఎనభై రెండు.
గుండె కూడా పత్తి ధర మాదిరే,
అడిగిన గడియను బట్టి.

"ఇది కూతేస్తాది, కొట్టుకున్నప్పుడల్లా..."

వద్దబ్బీ.
నలభై ఏండ్లు దూదేకిన మనిషి,
దెబ్బ తప్పితే నిద్రలోనే కనిపెడతాడు.
ఎంచుకుంటా తెల్లార్లూ మేలుకోనుంటాడు.

మూగది ఇయ్యి.
అంకెలు మాత్రం పెద్దవి,
దీపమార్పినాక
అద్దాల్లేకుండా
నేనొక్కదాన్నే చూసుకునేటట్టు.