పోపు వాసనకు అరిచేది

ముసఫ్ఫా క్యాంపు, మూడో అంతస్తు.
గదికి పన్నెండు పడకలు,
కప్పుకు బోర్లించిన ఒక తెల్ల మూకుడు.
పోశెట్టి పప్పులో ఎండుమిర్చి పోపు పెట్టినప్పుడల్లా
అది గుక్కపట్టి ఏడుస్తుంది.
అందుకని దాని మూతికి
కుబ్బూసు కవరు తొడిగి
రబ్బరుబ్యాండు బిగించారు.

ఆ కవరు విప్పడం నా ఉద్యోగం.
మా నాయన తాడెక్కి కల్లుముంత దించేవాడు,
నేను నిచ్చెనెక్కి దీన్ని దించుతాను.
పదేళ్లు నిండినవాటిని
వీపు మీద మూడు రెక్కల గుర్తు చూసి
ఒక్కొక్కటే లెక్కరాసి పచ్చడబ్బాలో పెట్టాలి.
ఒక్కటి తగ్గినా ఇంజనీరు బిజు నిద్రపోడు.

ట్రైనింగు పూట అతనే చెప్పాడు:
లోపల బియ్యపుగింజకి కాస్త పెద్ద బిళ్ల,
బిళ్ల మీద కంటికి ఆనని పూత.
అమెరీషియం. వరసలో తొంభై అయిదు.
ఏ కొండనూ తవ్వి తెచ్చింది కాదు,
ప్లుటోనియానికి న్యూట్రాన్లు మేపి మేపి
యుద్ధకాలంలో మనుషులు పుట్టించింది.
పక్కనే పుట్టిన తోబుట్టువు నుంచి
విడదీయలేక విసిగిపోయి
మొదట్లో దయ్యాల సంత అని తిట్టుకున్నారట.
రహస్యంగా ఉంచారు.
చివరికి ఓ పిల్లల రేడియో కార్యక్రమంలో
కొత్తవేమైనా దొరికాయా అని ఒకడు అడిగితే
మాట బయటికొచ్చేసింది.

సొంత ఊరంటూ లేనిదానికి
ఏకంగా ఖండం పేరే పెట్టారు.
నా బత్తాకా మీద నా పేరే తప్పు పడింది.

సెకనుకు ముప్పై వేల సార్లు విరుగుతుందట లోపల.
ఆ తునకలు గాలిని చీల్చి
సన్నని కరెంటు దారం పేనుతుంటాయి.
పొగ వచ్చి దారానికి అడ్డుపడితే అరుపు.
అంత విసురూ
ఒక్క కాగితం అడ్డం పెడితే ఆగిపోతుందన్నాడు బిజు.
నాకు నవ్వొచ్చింది.
షఫీకుల్ నవ్వలేదు.
మూడు నెలలుగా వాడూ
ఒక కాగితం దగ్గరే ఆగి ఉన్నాడు.

సగం తరగడానికి నాలుగు వందల ముప్పై రెండేళ్లు.
ఈ మాట పోశెట్టికి చెబితే
గరిటె పట్టుకునే లెక్కేశాడు, రెండేళ్ల చొప్పున.
"రెండొందల పదహారు వీసాలు!
గన్నిసార్లు ఎవడు రెన్యువల్ జేస్తడే?"

పోయిన రంజాన్లో
కింది అంతస్తులో చార్జరు అంటుకుంది.
ఆ గది మూకుడుకీ కవరుంది.
అంజిలప్ప చేతులతో పరుపు లాగి పడేశాడు.
ఇప్పటికీ అన్నం చెంచాతోనే తింటాడు,
ఎవరైనా చూస్తుంటే తినడు.
కాలిన గదిలో నిచ్చెన వేసింది నేనే.
కవరు కరిగి మూకుడుకు అతుక్కుంది,
గోటితో గీకితే పెచ్చులుగా ఊడింది.
లోపలి బిళ్ల మాత్రం
ఏమీ ఎరగనట్టు
విరుగుతూనే ఉండి ఉంటుంది.

ఇవాళ నలభై ఒకటి దించాను.
డబ్బాకు సీలు పడింది,
పంపే కాగితాలు అప్పటికే సిద్ధం.
వీటికి ఆలస్యం జరగదు.

రాత్రి వంట పోశెట్టిదే.
కిటికీ తెరిచి, తువ్వాలు విసురుతూ నిలబడ్డాను.
ఆవాలు చిటపటమన్నాయి, మిర్చి నల్లబడింది,
కొత్త మూకుడు కెవ్వుమంది.
పన్నెండుమందీ పైకి చూశారు.
కవరు కోసం ఎవరో లేవబోతే
పోశెట్టి మంట తగ్గించకుండానే అన్నాడు,
"ఒర్లనియ్యిరా."